కుర్చీలో దొరికినవి

ఏప్రిల్ 6

అక్కా,

పిల్ల చేరిందని బావ పంపిన మెసేజ్ చూశాను. "చేరింది. తింది." అంతే. ఆ మనిషికి మాటల దగ్గర కూడా పొదుపే. ఫోన్ చేద్దామంటే నీ ఇల్లు, సోఫాలు బాగుచేసే షాపు కలిపి ఒకటే హాలు, పక్కనే అది ఉంటుంది. పైగా ఫోనెత్తితే నేను ఏడుస్తాను, నువ్వు అరుస్తావు, ఎవరి మాటా పూర్తవదు. అందుకే ఈ ఉత్తరం.

నీకు సగమే చెప్పాను. మిగతాది విను. మార్చిలో ఒకరోజు క్లాసులో బల్ల మీద తల పెట్టి పడుకుందట, నీళ్ళు చల్లినా లేవలేదట. బ్యాగులో నిద్రమాత్రల అట్ట ముక్క దొరికింది, సగం ఖాళీ. రెండు రోజులు ఆస్పత్రి. పదహారేళ్ళ పిల్లక్కా! డాక్టరు "చాలా రోజుల నుంచి వేసుకుంటున్నట్టుంది" అన్నాడు. స్కూలువాళ్ళు సెలవులయ్యాక తీసుకురమ్మన్నారు. అక్కడ పిల్లలతో మాట్లాడే మేడమ్ ఒకావిడ ఉంది, ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తుంది. ఆ ఒక్క ఫోను మాత్రం ఇవ్వు.

ఇదంతా పై వాటాలో ఉండే, దాని క్లాసే చదివే ఉంగరాల జుట్టు పిల్ల చేసిన పని. చూడగానే నాకు తెలుసు, దాని నడకే బాగుండదు. దానితో మాట్లాడనివ్వకు. రోజూ పడుకునేముందు బ్యాగు వెతుకు, జేబులు వెతుకు, దిండు గలీబు కూడా. తాళాలు చేతికివ్వకు. ఒంటరిగా వదలకు. బావకి విషజ్వరం వచ్చి తగ్గిందని చెప్పు. ఆయన ఎలాగూ రెండో ప్రశ్న అడగడు.

మైకులో నా గొంతు విని బస్టాండంతా "ఎంత ప్రశాంతంగా ఉందో" అనుకుంటారట. మూడో ప్లాట్‌ఫారం, నాలుగో ప్లాట్‌ఫారం అని చెప్పి చెప్పి ఇంటికొచ్చి చూస్తే ఇల్లు బోసిగా ఉంది. అది ఉన్నప్పుడూ మాట్లాడేది కాదనుకో, అయినా.

నీ చెల్లి

ఏప్రిల్ 13

ఒసేయ్ చిన్నదానా,

ఉత్తరమా అది, జైలు నిబంధనలా? చదువుతుంటే నాకే ఊపిరాడలేదు. ముందు కూర్చో. కూర్చున్నావా? షాపు తాళం దానికే ఇచ్చేశాను.

అరవకు. పొద్దున్నే తెరిచేది అదే. నేను లేచి మొహం కడుక్కునేలోపు ఊడ్చేసి, మేకులు సైజుల వారీగా డబ్బాల్లో పోసి పెడుతోంది. నీ ఇంట్లో తన కంచం తీసేదా? ఇక్కడ అదీ తీస్తోంది. బ్యాగు వెతకలేదు. "మీ అమ్మ వెతకమంది, నేను వెతకను" అని మొదటిరోజే దాని మొహం మీదే చెప్పాను. అది నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. చూడనీ.

మీ బావకి నిజమే చెప్పాను. విషజ్వరమట! ఆయన కాసేపు రేడియో ఆపి, "దానికి వంకర సూది ఇవ్వు, చెయ్యి బాగుంది" అన్నాడు. అంతే. నువ్వన్నట్టే, రెండో ప్రశ్న లేదు.

నిన్న ఒకాయన సోఫా విప్పాం. నీకు తెలుసుగా, పాత సోఫా విప్పితే సంసారమంతా బయటపడుతుంది. బొత్తాలు, దువ్వెన, పాలపన్ను ఒకటి, ఎవరో ఎవరికో రాసి ఇవ్వకుండా దాచేసిన చీటీ. మా షాపులో ఒక పద్ధతుంది. మాకు పని నేర్పిన మేస్త్రీ పెట్టింది. దొరికినవన్నీ కవర్లో వేసి, పైన ఏం దొరికాయి, ఎవరు తెరిచారు అని రాసి, అతికించి సొంతదారుకి ఇచ్చేస్తాం. ఇది ఎందుకుంది, ఎలా వచ్చింది అని అడగం. వాళ్ళకే చెప్పాలనిపిస్తే టీ తాగాక చెబుతారు. ముందు టీ, తర్వాత మాట.

పిట్ట నేను కవరు అతికిస్తుంటే చూసి, "అడగవా పెద్దమ్మా?" అంది. "అడగను" అన్నాను. "అసలు?" "అసలు." వచ్చిన వారానికి అది నాతో అన్న పొడుగు మాట ఇదే. చిన్నప్పుడు నోరు మూయకుండా వాగేదని పిట్ట అని పేరు పెట్టింది నేనే, ఇప్పుడు చూస్తే గొంతులో ఏదో అడ్డం పడినట్టుంది.

ఇంకో సంగతి. మా దగ్గర పని నేర్చుకునేవాళ్ళు మొదట విప్పేది సొంతింటి కుర్చీ. పాడైతే ఇంట్లోవాళ్ళే తిడతారు, షాపు పేరు పోదు. నీ ఇంట్లో కుంటిదో గుడ్డిదో కుర్చీ ఉంటే పార్సిల్ లారీలో వెయ్యి.

నీ అక్క

ఏప్రిల్ 19

అక్కా,

తాళం ఇచ్చావా! బ్యాగు వెతకనని చెప్పావా! అది ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు దాని చెయ్యి పట్టుకుని కూర్చుంది నేను. నీకు ఓ పిల్లో పిల్లాడో ఉంటే తెలిసేది ఆ భయం ఏమిటో. నీకేం, రెండు నెలలు మంచి పెద్దమ్మవి అనిపించుకుంటావు, తర్వాత దాన్ని కాయాల్సింది నేను. దూరపు కొండలు నునుపు.

ఆ ఉంగరాల జుట్టు మళ్ళీ వచ్చింది. మన పిల్ల అడ్రసు కావాలట. ఎంత ధైర్యం! ఇవ్వనన్నాను. అయితే ఇదైనా పంపండాంటీ అని ఉత్తరం చేతిలో పెట్టింది. తలుపేసేశాను. ఉత్తరం సొరుగులో పడేశాను, నువ్వు కూడా అడక్కు.

స్కూలు మేడమ్ నాకొక కాగితం పంపింది. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, రోజుకి ఒక్క పూటైనా కలిసి తింటారా, పిల్ల కష్టమొస్తే చెప్పుకునే పెద్దవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా, నచ్చిన పని ఏమైనా ఉందా, ఇంట్లో ఎవరైనా మందో మాత్రలో వాడతారా. ఇలా రెండు పేజీలు. ఎక్కడ గండి ఉందో, ఎక్కడ గట్టు ఉందో తెలిస్తే పని సులువట. దాని నాన్న వేరే కాపురం పెట్టి నాలుగేళ్ళయిందని రాశాను. కలిసి తినే పూట అనేచోట ఏం రాయను? ఒక వారం పొద్దున డ్యూటీ, ఒక వారం సాయంత్రం, ఒక వారం రాత్రి. వదిలేశాను. మాత్రల దగ్గర "లేదు" అని రాశాను.

కుర్చీ పంపుతున్నాను. హాల్లో కిటికీ పక్కన ఉండే నా రెక్సిన్ కుర్చీ. స్ప్రింగు నడుంలో గుచ్చుతోంది ఎలాగూ. చేతుల పక్క సందుల్లో చెయ్యి పెట్టి శుభ్రం చేసే పంపాను, నీ కవర్లకి పనేం ఉండదు.

నీ చెల్లి

ఏప్రిల్ 29

చిన్నదానా,

నీకు పిల్లలుంటే తెలిసేది అన్నావు. ఆ మాట మింగాను, ఇంకా అరగలేదు. సరే, అది నాకూ నీకూ తర్వాత.

కుర్చీ వచ్చింది. సందులు శుభ్రం చేశానన్నావు, నీ తెలివి! సందులో చెయ్యి వెళ్ళేది జానెడు. కిందకి జారినవన్నీ అడుగున గోనెగుడ్డ మీద పడి ఉంటాయి, కుర్చీని బోర్లించి మేకులు పీకితేగానీ కనబడవు. ఈ ముక్క మా పనివాళ్ళకే తెలుసు.

నిన్న నేను ఒక హోటలుకి కుర్చీలు అప్పగించడానికి వెళ్ళాను. పిట్ట ఒక్కతే విప్పింది. నేను వచ్చేసరికి మేకులన్నీ డబ్బాలో, పీచు ఒక పక్క, స్ప్రింగులు ఒక పక్క. కవరు అతికించి, పైన పాత పేపరు చుట్టి బల్ల మీద పెట్టి ఉంది. బొద్దుగా ఉంది, ఏం దాచావే అంత! పద్ధతి ప్రకారం నేను విప్పలేదు, దీనితోనే పంపుతున్నాను. నీ జడపిన్నులే అయ్యుంటాయి. ఇంట్లో అందరి పిన్నులూ నువ్వే పారేసేదానివి.

పిట్ట మాత్రం నిన్న సాయంత్రం నుంచి అన్నం సరిగా ముట్టలేదు. ఎండకి అనుకుంటున్నా.

నీ అక్క

మే 4

అక్కా,

ఇంత పగ పెట్టుకున్నావా నా మీద? ఒక్క మాట తొందరపడి అన్నందుకా?

కవరు మీద ఏం రాసుందో నీకు తెలియదంటే నేను నమ్మాలా? "ఈ కుర్చీలో దొరికినవి: ఖాళీ మాత్రల అట్టలు ఇరవై మూడు. జడపిన్నులు నాలుగు. బస్సు టికెట్టు ఒకటి. తెరిచినది: కూతురు." కూతురు అట! కన్నతల్లి కుర్చీ బోర్లించి దానిచేత ఏరించావు. నీ షాపులో దాన్ని బాగుచెయ్యమని పంపితే నన్ను దొంగని చేసి నిలబెట్టారా ఇద్దరూ?

అవును, వేసుకుంటాను. డాక్టరే రాశాడు, మొదట్లో. రాత్రంతా మైకు ముందు కూర్చుని వచ్చి, ఎండ మొహాన కొడుతుంటే పడుకోవాలంటే నువ్వు పడుకుని చూడు. నేను ఉద్యోగం మానితే ఇల్లెవరు నడుపుతారు, నీ మేస్త్రీనా? చెత్తబుట్టలో వేస్తే పిల్ల చూస్తుందని సందులో దోపాను. అది చూడకూడదనే కదా! నా మాత్రలకీ దాని మాత్రలకీ ఏం సంబంధం లేదు.

దాన్ని వెంటనే పంపించెయ్యి.

చెల్లి

మే 9

నా చిట్టి చెల్లీ,

ఒట్టు, నాకు తెలియదు. నీ ఉత్తరం చదివాకే తెలిసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడగని ప్రశ్నకి పేజీ నిండా జవాబు రాశావు. అది చదివి నవ్వు రాలేదు, కళ్ళనీళ్ళొచ్చాయి.

ఉత్తరం పట్టుకుని నేను కూర్చుంటే పిట్ట తనే టీ పెట్టింది. ముగ్గురం తాగాం. గ్లాసులు కడిగింది. మీ బావ రేడియో తీసుకుని బయటికి వెళ్ళాడు, ఆయనకి ఇలాంటివి చెప్పకుండానే తెలుస్తాయి. అప్పుడు మాట్లాడింది. నేనేమీ అడగలేదు.

డ్యూటీ నుంచి వచ్చి నువ్వు ఆ కుర్చీలోనే ఒరిగిపోయేదానివట. ఒకరోజు పిలిచినా కుదిపినా లేవలేదట. ఆ రోజు నుంచి స్కూలుకి వెళ్ళేముందు నీ ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి తగిలాకే గడప దాటేదట. అందుకే రోజూ ఆలస్యం. ఆలస్యానికి టీచరూ తిట్టింది, నువ్వూ తిట్టావు. కారణం ఎవరికీ చెప్పలేదు. చెబితే నీ ఉద్యోగం పోతుందనుకుంది పిచ్చిపిల్ల.

మొదటి మాత్ర దానికి ఎవరూ ఇవ్వలేదే. నీ కుర్చీ సందులోనే దొరికిందట, ఒకటి జారిపడి. "ఇది వేసుకుంటే అమ్మకి ఏ దిగులూ ఉండదు కదా పెద్దమ్మా, నాకూ ఉండదనుకున్నా" అంది. తర్వాత నీ అలమరలోవి. చివరికి అవి లేకుండా దానికి కళ్ళు మూతపడేవి కావు, ఒళ్ళంతా వణుకట.

ఇంక ఆ ఉంగరాల జుట్టు. ఆ పిల్ల మూడుసార్లు వద్దని బతిమాలిందట. నాలుగోసారి, ఆ రోజు క్లాసులో, భయపడి టీచరుకి చెప్పేసింది. ఏం మింగిందో ఆస్పత్రివాళ్ళకి వెంటనే తెలిసింది ఆ పిల్ల నోరు విప్పబట్టే. నువ్వు తలుపేసింది ఎవరి మొహం మీదో చూసుకో.

నా తప్పూ ఉంది. కిందటేడు మీ ఇంటికొచ్చినప్పుడు నీ మగత కళ్ళు చూశాను. అడగలేదు. కుర్చీ ఇచ్చినవాళ్ళని అడక్కపోవడం పద్ధతి, చెల్లెల్ని అడక్కపోవడం పిరికితనం. ఇప్పుడు అడుగుతున్నాను. ఎలా ఉన్నావే? నిజం చెప్పు. ఆ మాత్రలు ఒక్కసారిగా ఆపెయ్యకు, అది ప్రమాదమట, పిట్టకి ఆస్పత్రిలో చెప్పారు. డాక్టరు దగ్గరికి వెళ్ళు.

పంపించెయ్యమన్నావు. పంపను. నీ కుర్చీ ఇంకా అస్థిపంజరంలా ఉంది, పని సగంలో ఆపడం మా ఇంటా వంటా లేదు.

నీ అక్క

మే 24

అక్కా,

పది రోజులు కలం పట్టలేకపోయాను. ఊరందరికీ ఏ బస్సు ఎక్కడుందో చెప్పేదాన్ని, నా ఇంట్లో ఏముందో చూడలేదు. చూడలేదు కాదు. చూశాను. అదే చెప్పాలి నీకు.

స్కూల్లో టీచరు ఆ సగం అట్ట చూపించినప్పుడే గుర్తుపట్టానక్కా. అంచున కత్తెరతో కత్తిరించి ఉంది. అట్టని రెండుగా కత్తిరించి సగం హ్యాండ్‌బ్యాగులో, సగం అలమరలో పెట్టుకునేది నేనే. అయినా షాపుల్లో ఇలాంటివి లక్ష ఉంటాయి అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎవరో ఒకరు కావాలి కదా తిట్టడానికి. పై వాటా పిల్ల దొరికింది. కంచే చేను మేసి, పక్కింటి మేకని కర్ర పుచ్చుకుని తరిమింది.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మెల్లగా తగ్గించాలట, కొన్ని నెలలు పడుతుంది. డ్యూటీ మార్చమని ఆయనే చీటీ రాసిచ్చాడు. మా సూపర్‌వైజరు మొహం ముడుచుకున్నా రాత్రి వారం తీసేశాడు. మొదటి వారం నరకం, నీకు అబద్ధం చెప్పను. మేడమ్‌కి ఫోన్ చేసి ఆ కాగితం మళ్ళీ ఇమ్మన్నాను. "లేదు" కొట్టేసి "అవును" అని రాసి సంతకం పెట్టాను. ఆవిడ తిడుతుందనుకున్నా. "ఈ ఒక్క గీత చాలా పని చేస్తుందమ్మా" అంది.

పై వాటాకి వెళ్ళాను. పదహారు మెట్లు, పదహారుసార్లు వెనక్కి తిరుగుదామనిపించింది. ఆ పిల్లే తలుపు తీసింది. "నన్ను క్షమించమ్మా" అన్నాను. అది ఒక్కటే అడిగింది, "నా ఉత్తరం పంపారా ఆంటీ?" అని. సిగ్గుతో చచ్చాను. అతికించింది అతికించినట్టే ఉంది, దీనితో పంపుతున్నాను. పిట్టకి ఇవ్వు.

నీకు పిల్లలుంటే అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోలేను, కాళ్ళు పట్టుకోగలను. నా పిల్ల ఊపిరి పీల్చుకుంటున్నది నీ షాపులో.

నీ చెల్లి

జూన్ 8

చిన్నదానా,

కాళ్ళు పట్టుకోకు, నాకసలే కీళ్ళనొప్పులు, పట్టుకుంటే విరుగుతాయి. అరిగింది ఆ మాట. వదిలెయ్.

బుధవారం పిల్లా, కుర్చీ ఒకే లారీలో వస్తున్నారు. డ్రైవరు మనకి తెలిసినవాడే. కుర్చీకి ఆకుపచ్చ గుడ్డ వేసింది, రంగు దాని ఇష్టం. ఎడమ చేతి కుట్టు కాస్త వంకరపోయింది, విప్పి మళ్ళీ కుట్టమంటే "ఉండనీ, మొదటిది కదా" అంది. నేనైతే ఒప్పుకోను, మీ బావ ఒప్పుకున్నాడు. ఈ మధ్య ఇద్దరూ రేడియోతో వాదించడం మొదలుపెట్టారు. ఇక నుంచి ఆయన ఒక్కడే వాదించుకోవాలి. ఇల్లు ఎలా ఉంటుందో తలుచుకోను.

ఎప్పుడూ హాయిగా ఉందనుకోకు. రెండుసార్లు ఊరికే ఏడ్చింది, ఒకసారి సుత్తి గోడకేసి కొట్టింది. గోడకి సొట్ట అలాగే ఉంచాను. అయిపోయిందని ఎవరూ అనలేరట, మేడమ్ అదే చెప్పింది. పక్కన మనుషులుండాలి, చేతికి పని ఉండాలి, నిజం చెబితే ఇల్లు కూలిపోదని తెలియాలి. అంతేనట.

చేతుల పక్క సందులు మూసి కుట్టెయ్యవే అన్నాను దానితో. అది సూది పక్కన పెట్టి, "మూసేస్తే ఇంకోచోట దాస్తాం పెద్దమ్మా. తెరిచే ఉంచుతా. నేనూ అమ్మా వారం వారం చూసుకుంటాం" అంది. దాస్తాం అందే, దాస్తుంది అనలేదు. ఆ బహువచనం విని సూదికి దారం ఎక్కించి దాని చేతికిచ్చాను.

వందో యాభైయ్యో ఖాళీ కవర్లు కూడా పట్టుకొస్తోంది. ఎందుకో నువ్వే చూడు.

నీ అక్క

ఆగస్టు 17

అక్కా,

మా ఇంట్లో ఆదివారం పద్ధతి నీ షాపు పద్ధతే. పొద్దున నా టిఫిను, దాని టిఫిను ఒకే బల్ల మీద. తర్వాత కుర్చీకి అటు నేను, ఇటు అది, సందుల్లో చేతులు పెడతాం. దొరికింది కవర్లో, పైన ఇద్దరి సంతకాలు. టీ అయ్యేదాకా ప్రశ్న లేదు. ఇన్నాళ్ళూ పిన్నులు, పెన్సిలు ముక్క, ఉంగరాల జుట్టు పిల్ల చెవిపోగు. ఆ పిల్ల కూడా వస్తుంది ఆదివారాలు, వంకర కుట్టుని వెక్కిరించడానికి.

నిన్న ఆ పిల్ల లేదు. మేమిద్దరమే. నా చేతికి ఏదో గీసుకుంది. బయటికి తీస్తే మాత్రల అట్ట, కొత్తది. నాది కాదు, రంగే వేరు.

ఏం చెప్పనక్కా. మార్చి నాటి నేనైతే ఆ అట్ట దాని మొహాన కొట్టేదాన్ని, బ్యాగు తిరగేసేదాన్ని, పై వాటాదాకా వినిపించేలా అరిచేదాన్ని. అరుపు నాలిక దాకా వచ్చింది. కవరు తీశాను. "మాత్రల అట్ట ఒకటి" అని రాశాను, అక్షరాలు కోడి గీసినట్టు వచ్చాయి. సంతకం పెట్టాను. అదీ పెట్టింది. లేచి టీ పెట్టాను. పాలు పొంగి పొయ్యి నిండా పోయాయి. ఇద్దరం తాగాం. ఆ గ్లాసుడు టీ అంత పొడుగ్గా ఎన్నడూ తాగలేదు నేను.

గ్లాసు కింద పెట్టి అప్పుడు చెప్పింది. శుక్రవారం లెక్కల పరీక్ష పాడైందట. క్లాసులో ఒకరు, "నీకు కావాలిగా" అని చేతిలో పెట్టారట. పారెయ్యడానికి చెయ్యి రాలేదట, వేసుకోవడానికీ చెయ్యి రాలేదట. నాకు చెబుదామని రెండుసార్లు వంటింటిదాకా వచ్చి వెనక్కి వెళ్ళిందట. "అందుకే సందులో పెట్టానమ్మా, ఆదివారం ఎలాగూ నీ చేతికి తగులుతుంది కదా అని" అంది.

నీ చేతికి, అందక్కా. కావాలని నా వైపు సందులో పెట్టింది.

ఇవాళ ఇద్దరం వెళ్ళి కవరు మేడమ్‌కి ఇచ్చి వచ్చాం. కానీ నీకు చెప్పాలనుకున్నది నిన్నటిది. అది కవరు నా ముందుకి జరిపి, "పది ఉండాలమ్మా. ఒక్కటి కూడా వేసుకోలేదు. తీసి లెక్కపెట్టుకో" అంది.

నేను లెక్కపెట్టలేదు. కవరు అతికించేశాను.

నీ చెల్లి